కువైట్‌కి సరుకు పంపే వ్యాపారం పెట్టొచ్చా? నేను చూసింది చెబుతాను

మీరు అడిగింది ఇదీ: "కువైట్‌కి చమురు తప్ప వేరే ఆధారం లేదంటారు కదా, మా కడప వైపు నుంచి అక్కడికి అరటి, కూరగాయలు పంపే వ్యాపారం పెడితే పదేళ్ళు నిలబడుతుందా?"

నేను 2005 నుంచి 2021 దాకా కువైట్‌లో ఉన్నాను. షువైఖ్ పోర్టు దగ్గర పళ్ళు, కూరగాయలు దిగుమతి చేసుకునే కంపెనీలో పని. మొదట కోల్డ్ స్టోరేజీలో సరుకు లెక్కరాసేవాణ్ణి, తర్వాత వసూళ్ళు చూశాను. చమురు డబ్బు బజారులోకి ఎలా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో అక్కడే తెలిసింది.

నా జవాబు: దేశం నిలబడుతుంది. మీ వ్యాపారం నిలబడాలంటే మాత్రం సరుకు ఎవరికి ఇస్తున్నారు, ఎన్ని రోజుల అప్పు మీద ఇస్తున్నారు అన్నది ముఖ్యం.

ప్రభుత్వ రాబడిలో ఎనభై శాతానికి పైగా చమురుదే. 2025-26 బడ్జెట్‌లో ఖర్చు 2,450 కోట్ల దినార్లు, రాబడి 1,820 కోట్లు, లోటు 630 కోట్లు. అదీ పీపా చమురు 68 డాలర్లకు అమ్ముడుపోతుందని వేసుకున్న లెక్క. ఖర్చులో ఎక్కువ భాగం జీతాలు, సబ్సిడీలు. ఉద్యోగం చేసే కువైటీల్లో చాలామంది సర్కారు కొలువులోనే ఉంటారు, వాళ్ళ జీతం మీద పన్ను లేదు. ఆ జీతాల జోలికి ఎవరూ పోరు. అందుకే ధర పడినప్పుడు ముందుగా ఆగేది కాంట్రాక్టర్ల బిల్లులని నేను చూసినంతలో చెప్పగలను.

ఆ ఆగడం ఉల్లిపాయ బస్తా దాకా ఎలా వస్తుందో చెబుతాను. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా, 2016 జనవరికల్లా ముప్పై కిందికి దిగింది. అప్పట్లో లేబర్ క్యాంపులకు భోజనాలు పంపే ఒక కేటరింగ్ కంపెనీ మాకు పెద్ద గిరాకీ. కాంట్రాక్టరుకు బిల్లు రాలేదు, ఆయన కేటరింగ్ వాళ్ళకు ఇవ్వలేదు. వాళ్ళేమో మాకిచ్చిన చెక్కులు ఇప్పుడే బ్యాంకులో వేయొద్దని ఫోన్ చేసేవాళ్ళు. మా ముదీర్ (మేనేజరు) ఆ చెక్కులను నెలకొక కట్టగా రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టేవాడు. మామూలు రోజుల్లో మూడు కట్టలుండేవి. ఆ చలికాలంలో ఏడయ్యాయి, సొరుగు మూతపడేది కాదు. వాళ్ళ ఆర్డరు చీటీలో ముందు ఆపిల్ పోయింది. తర్వాత అరటిపండు రోజు విడిచి రోజయింది. ఉల్లిపాయ, బంగాళాదుంప మాత్రం తగ్గలేదు. మా జీతాలు కూడా రెండు నెలలు ఆగాయి. పిల్లల ఫీజులు కట్టాల్సిన సమయం అది, ఇంటికి ఫోన్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

2020లో కరోనాతో చమురు ధర మళ్ళీ కూలింది. ఈసారి సర్కారు రోజువారీ ఖర్చులకు వాడే నిధే అడుగంటింది. అప్పు తెద్దామంటే ఆ చట్టం గడువు 2017లోనే తీరిపోయింది, కొత్త చట్టానికి పార్లమెంటు ఒప్పుకోలేదు. బీరువాలో బంగారం ఉన్నా పాలవాడికి ఇవ్వడానికి చేతిలో చిల్లర లేని ఇల్లులా అయింది.

ఆ బీరువా సంగతి కూడా చెప్పాలి. స్వాతంత్ర్యం 1961లో వస్తే, చమురు సొమ్ము కొంత బయట దాచిపెట్టే ఏర్పాటు వాళ్ళు 1953లోనే చేసుకున్నారు. 1976లో రాబోయే తరాల కోసం వేరే నిధి పెట్టి, ఏటా రాబడిలో పది శాతం అందులో వేయాలని చట్టం చేశారు. 1990లో ఇరాక్ ఆక్రమించి, వెళ్తూ వెళ్తూ ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టినప్పుడు, దేశం మళ్ళీ లేచి నిలబడడానికి ఈ దాచిన సొమ్మే ఆసరా అయింది. అందుకే చమురు ధర పడగానే కువైట్ పని అయిపోయిందని రాసేవాళ్ళ మాట నేను నమ్మను. 2024 మేలో దేశాన్ని ఏలే అమీర్ పార్లమెంటును రద్దు చేశారు. 2025 మార్చిలో 3,000 కోట్ల దినార్ల దాకా అప్పు తెచ్చుకునే చట్టం వచ్చింది. ఇకమీదట ధర పడినా బిల్లులు మునుపటంత ఆలస్యం కావని నా అంచనా.

వ్యాపారం కువైటీలకు కొత్త కాదు. చమురుకు ముందు ముత్యాలు, పడవ రవాణా వాళ్ళ బతుకు. 1930లలో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి ఆ బేరం దెబ్బతింది. 1961 దాకా అక్కడ చెల్లింది రూపాయే. మా ఓనరు వాళ్ళ నాన్న గురువారం సాయంత్రాలు గోడౌనుకు వచ్చి కూర్చునేవాడు. ఒకసారి జేబులోంచి పాత రూపాయి బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టి, తన తండ్రి బొంబాయి నుంచి బియ్యం తెచ్చిన రోజుల గురించి చెప్పాడు. నాకు ఆ పెద్దాయనంటే చాలా గౌరవం. ఈ తరంలోనూ ఆ చురుకుదనం ఉంది. భోజనం ఇంటికి తెచ్చిచ్చే తలాబాత్ 2004లో కువైట్‌లోనే పుట్టింది.

పెద్ద ప్రాజెక్టుల మీద మాత్రం ఆశ పెట్టుకుని పెట్టుబడి పెట్టకండి. బూబియాన్ దీవిలో ముబారక్ అల్ కబీర్ పోర్టు ఏళ్ళ తరబడి కడుతూనే ఉన్నారు. పక్కనే ఇరాక్ ఫావ్ దగ్గర తన పెద్ద పోర్టు కట్టుకుంటోంది. ఉత్తరాన కట్టాలనుకున్న సిల్క్ సిటీ అనే కొత్త నగరం కోసమని 2019లో సముద్రం మీద 36 కిలోమీటర్ల వంతెన తెరిచారు. నేను ఒక శుక్రవారం అవతలి ఒడ్డుదాకా వెళ్ళాను. వంతెన అద్భుతం, అవతల మాత్రం ఇసుకే.

ఇంకో సంగతి, హోర్ముజ్ జలసంధి. గల్ఫ్ నుంచి ఓడలు బయటి సముద్రంలోకి వెళ్ళే ఇరుకు దారి అది. ఎమిరేట్స్‌కి దాని అవతల ఫుజైరా పోర్టు ఉంది, సౌదీకి ఎర్రసముద్రం ఉంది. కువైట్‌కి సముద్రం మీద వేరే దారి లేదు. అక్కడ గొడవ మొదలైతే వాళ్ళ చమురూ ఆగుతుంది, మీ కంటైనరూ ఆగుతుంది. చమురు ఆగితే కుళ్ళదు, అరటి కుళ్ళుతుంది. బీమా కాగితాల్లో యుద్ధం వల్ల జరిగే నష్టం ఉందో లేదో చదివి సంతకం పెట్టండి.

ఇక మీ సరుకు సంగతి. తిండి దాదాపు అంతా బయటి నుంచే రావాలి, మనవాళ్ళే పది లక్షల దాకా ఉన్నారు, కాబట్టి గిరాకీకి లోటు లేదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ఎగుమతి కోసం అరటి రైలు వెళ్ళినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. కానీ అక్కడ ఫిలిప్పీన్స్, ఈక్వెడార్ అరటితో పోటీ ఉంటుంది. వాళ్ళ కాయ ఒకే సైజులో, మచ్చ లేకుండా ఉంటుంది. మన పెట్టెల్లో పైవరస ఒక రకం, కిందివరస ఒక రకం వచ్చిన రోజులు నేను చూశాను. అలా వచ్చిన వాళ్ళ దగ్గర మా ముదీర్ మళ్ళీ కొనలేదు.

మొదటి ఏడాది కంటైనర్ జోలికి పోకండి. కరివేపాకు, మునక్కాయ, పచ్చిమిర్చి విమానంలో కొద్దికొద్దిగా పంపి, మాలియా, అబ్బాసియా వైపు మన కొట్లకు చేతి డబ్బుకు ఇవ్వండి. కొనేవాణ్ణి ముందు ఒకటి అడగండి: సరుకు ఎవరికి పోస్తావు? బఖాలాలకైతే, అంటే చిన్న కిరాణా కొట్లకైతే, డబ్బు త్వరగా వస్తుంది. జమియాలకైతే, అంటే సహకార స్టోర్లకైతే, నెలలు పడుతుంది గానీ వస్తుంది. క్యాంపుల కేటరింగ్‌కైతే, ఓడ ఎక్కకముందే సగం డబ్బు మీ ఖాతాలో పడాలి.