సోఫా కొనే ముందు దాని పొట్ట కోసి చూడు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి విజయవాడ నుంచి మావయ్య ఆశీస్సులు.

అమ్మాయీ, గుంటూరు అరండల్‌పేటలో మీ హోటల్‌కి మూడో స్లాబు పడిందని అమ్మ చెప్పింది. సంతోషం. సోఫాలు చైనా నుంచి తెప్పించబోతున్నారనీ, ఫోషాన్ ఫ్యాక్టరీ వాళ్లు పంపిన ఫొటోలు చూసి అల్లుడు గారు ముచ్చటపడుతున్నారనీ కూడా చెప్పింది. ఫొటోలో ఏ సోఫా అయినా బాగానే ఉంటుంది. అడ్వాన్సు పంపేలోపు ఇద్దరూ కూర్చుని ఈ ఉత్తరం చదవండి.

గవర్నర్‌పేటలో మా లాడ్జి బాగు చేయించినప్పుడు నేనూ ఇలాగే మోజుపడి పన్నెండు సోఫాలు తెప్పించాను. మీగడ రంగు రెక్సిన్. వచ్చిన రోజు మీ అత్తయ్య వాటి మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఏడాది తిరగకముందే మధ్య సీట్లు గుంటలు పడ్డాయి. రెండో వేసవి దాటేసరికి తల ఆనించే చోట రెక్సిన్ పొరలుగా లేచింది. పెళ్లివారు కూర్చుని లేస్తే పట్టుచీరలకు పొట్టు అంటుకునేది. వాళ్లు దులుపుకుంటూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆటోనగర్‌లో బస్సు సీట్లు కుట్టే మేస్త్రిని పిలిపించాను. ఆయన సోఫాను బోర్లించి, అడుగు గుడ్డ చింపి, మాట్లాడకుండా పక్కకి జరిగాడు, నన్ను చూడమన్నట్టు. పైన పటారం, లోన లొటారం. మూలల్లో దిమ్మ లేదు, స్క్రూ లేదు, బోర్డు ముక్కలకు పిన్నులు కొట్టి వదిలేశారు. తర్వాత సీటులోంచి పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తున్న స్పాంజి ముక్క కోసి, వంటింట్లో త్రాసు తెమ్మన్నాడు. 22 గ్రాములు తూగింది. అంత ముక్క సరిగ్గా ఒక లీటరు అవుతుంది కనుక, ఎన్ని గ్రాములు తూగితే ఘనపు మీటరుకు అన్ని కిలోల సాంద్రత అన్నమాట. పగలూ రాత్రీ మనుషులు కూర్చునే సీటుకు 40 ఉండాలి. ఫ్యాక్టరీ మీద పోట్లాడదామని కాగితాలు తీస్తే, అందులో ‘హై డెన్సిటీ ఫోమ్’ అని ఉంది తప్ప అంకె లేదు. ఏమని పోట్లాడను?

అందుకే చెబుతున్నాను, ఆర్డరు కాగితంలో విశేషణాలు ఒప్పుకోవద్దు, అంకెలు రాయించు. సీటు ఫోమ్ 40 సాంద్రత. ఫ్రేముకు బట్టీలో ఆరబెట్టిన గట్టి కర్ర, తేమ 8 నుంచి 12 శాతం లోపు, మూలమూలకీ దిమ్మ పెట్టి జిగురుతో పాటు స్క్రూ. బట్టకు మార్టిండేల్ రాపిడి పరీక్షలో కనీసం 40,000 రుద్దులు. ఇంటి సోఫాకు అందులో సగం చాలు, లాబీకి చాలదు. నిప్పు పరీక్ష కాగితం కూడా అడుగు. బ్రిటన్ హోటళ్లకు అమ్మేవాళ్ల దగ్గర బీఎస్ 5852 అనే బ్రిటిష్ ప్రమాణం పద్ధతిలో, పేర్చిన చెక్క పుల్లలు సీటు మీద కాల్చి చూసే ‘క్రిబ్ 5’ పరీక్ష సర్టిఫికెట్ ఉంటుంది. అది నీ బట్టకూ నీ ఫోమ్‌కూ ఇచ్చిందేనా, వేరే సరుకుదా అని చూడు.

రెక్సిన్ సంగతి విడిగా చెప్పాలి. రెక్సిన్ మీద వేసే మామూలు పీయూ (పాలీయురేథేన్) పూతకు తేమా వేడీ కలిస్తే పడదు, లోలోపలే విడిపోయి పొట్టులా రాలుతుంది. మన కృష్ణా, గుంటూరు ఎండలకూ ఉక్కకూ అది ఆగదు. తోలు మెరుపే కావాలంటే మంచి రకం పీవీసీ అడుగు, లేదా పాలీకార్బొనేట్ రకం పీయూ అడిగి తేమలో, వేడిలో ఉంచి చూసే హైడ్రోలిసిస్ పరీక్షను ఎన్ని వారాలు తట్టుకుందో రాయించు. నన్నడిగితే లాబీకి ముదురు రంగు బట్ట, జిప్పుతో ఊడివచ్చే తొడుగులే మేలు. మిర్చి సీజన్‌లో యార్డు నుంచి నేరుగా వచ్చి కూర్చునే వ్యాపారుల బట్టల నిండా ఎర్ర పొడి ఉంటుంది. దానికి తోడు తల నూనె. మీగడ రంగు వేశావా, మార్చి నెలకల్లా కారప్పూస రంగుకు తిరుగుతుంది.

కాళ్లు ఐదంగుళాల ఎత్తుండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నా స్నేహితుడి సోఫా అడుగు బోర్డు తడిసి బూరెలా ఉబ్బింది. మీకు వరద రాకపోవచ్చు, కానీ హోటల్లో రోజుకు రెండుసార్లు తడిగుడ్డ పెడతారు. నేలకు ఆనిన బోర్డుకు అది రోజూ వచ్చే చిన్న వరదే.

నమూనాగా ఒక్క సోఫా డబ్బిచ్చి కొను. ఉచితంగా ఇస్తామంటే ఇంకా అనుమానించు. వచ్చాక సగానికి కోయించు. ఫోమ్‌లో సుద్దపొడి కలిపి బరువు పెంచేవాళ్లున్నారు కనుక తూకంతో ఆగకు, రాత్రంతా బరువు పెట్టి ఉంచి తెల్లారి ఎంత పైకి లేచిందో చూడు. కోసిన సగం ఫొటోలు తీసి, ‘ఇదే సరుకు’ అని వాళ్ల చేత సంతకం చేయించు. బట్ట వేయకముందు ఖాళీ ఫ్రేముల ఫొటోలు అడుగు. ప్యాకింగ్ మొదలయ్యాక మీ తరఫున తనిఖీ మనిషిని పంపు. ఫోషాన్‌లో అలాంటివాళ్లు రోజు లెక్కన దొరుకుతారు. అడ్వాన్సు 30 శాతానికి మించొద్దు, మిగతాది తనిఖీ కాగితం చేతికొచ్చాకే. మధ్యలో బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విని అడిగి తెలుసుకునే దాకా రూపాయి కదిలించవద్దు. జనవరి, ఫిబ్రవరిలో చైనా కొత్త సంవత్సరం ముందు హడావుడిగా చేసిన సరుకు తీసుకోకు.

ఫోషాన్ ఒక్కటే దిక్కనుకోకండి. మలేసియాలో మువార్ ఊరంతా ఫర్నిచర్ పనే. ఆగ్నేయాసియా దేశాలతో మనకున్న ఆసియాన్ ఒప్పందం కింద సుంకం తగ్గవచ్చు, దానికి సరుకు ఆ దేశంలోనే తయారైందనే పుట్టుక ధ్రువపత్రం కావాలి. 2025లో కేంద్రం కుర్చీలు, బల్లలు, మంచాలకు నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. మీ సోఫా దాని కిందికి వస్తుందో రాదో కస్టమ్స్ ఏజెంటు చేత రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే అడ్వాన్సు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు మించకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే మీరు కొన్న సరుకు మీద కట్టిన పన్నును అందులో తగ్గించుకోలేరు. రేవులో దిగుమతి సరుకు మీద కట్టే జీఎస్టీ (ఐజీఎస్టీ) తిరిగి వస్తుందని అల్లుడు గారు లెక్క వేసి ఉంటే కొట్టేయమను.

మీ గదుల సోఫాలూ లాబీ సోఫాలూ కలిపి నలభై అడుగుల కంటైనర్ నిండితేనే దిగుమతి మాట ఎత్తు. పదింటి కోసమైతే ఇతరుల సరుకుతో కలిపి పంపుతారు, దించడం ఎక్కించడంలో మూలలు నలుగుతాయి, అంతకంటే ఆటోనగర్ మేస్త్రే నయం. వానాకాలం రవాణా అయితే లోపల చెమ్మ పట్టకుండా తేమ పీల్చే సంచులు వేయమను. అదే రంగు అద్దకంలో బట్ట ఓ ఇరవై మీటర్లు అదనంగా తెప్పించుకో, తర్వాత ఆ రంగు దొరకదు.

నమూనా సోఫా దిగిన రోజు ఫోన్ చెయ్యి. మేస్త్రిని వెంటబెట్టుకుని పొద్దున్న రైలుకే వస్తాను. త్రాసు మీ వంటింట్లో ఉంటుంది కదా, కత్తెర నేను తెస్తాను.

మీ మావయ్య