లక్ష్యం రాయించే ముందు, పిల్లవాడి పక్కన ఒక్క నిమిషం కూర్చోండి

"మా స్కూల్లో టీచర్లు ప్రతి విద్యార్థి ఎదుగుదలకీ కొలవగలిగే లక్ష్యాలు రాసుకోవాలి. హెచ్.ఎం.గా వాళ్లకి నేను ఎలా సాయం చెయ్యాలి?" అని ఒక తోటి హెచ్.ఎం. అడిగారు.

నేను గుంటూరుకి దగ్గర్లో, మిరప పొలాల మధ్య ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్.ఎం.గా, అంటే ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. టీచరు చేతికి ఫార్మాట్ ఇచ్చే ముందు ఆ టీచరుతో పాటు కూర్చుని పిల్లల చేత చదివించండి. ఈరోజు ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో కళ్లారా చూసిన టీచరుకి లక్ష్యం ఎలా రాయాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

మూడేళ్ల కిందట మా మూడో తరగతి మేడమ్ ప్రణాళికలో "80 శాతం మంది విద్యార్థులు ధారాళంగా చదవగలుగుతారు" అని రాసుకున్నారు. "ఇప్పుడు ఎంతమంది చదువుతున్నారు మేడమ్?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "సగం మంది ఉంటారండీ" అన్నారు. సరే చూద్దాం అనుకున్నాం.

సంక్రాంతి సెలవులయ్యాక వచ్చిన మొదటి వారం అది. వరండాలో బెంచీ వేసుకుని, ఫోన్లో టైమర్ పెట్టుకుని, 23 మందినీ ఒక్కొక్కరినే పిలిచాం. ఒక్కొక్కరికి ఒక నిమిషం. పాఠ్యపుస్తకం చేతికిస్తే కొందరు గడగడా చదివేశారు. ఒక పాప వేలు రెండో లైను మీద ఉంది, నోరు నాలుగో లైనులో ఉంది. పాఠం మొత్తం కంఠతా వచ్చేసింది ఆ పిల్లకి! మేడమ్ పుస్తకం పక్కన పెట్టేసి, అప్పటికప్పుడు మా ఊరి మిరప కల్లం గురించి పది వాక్యాలు తెల్లకాగితం మీద రాశారు. దానితో మళ్లీ మొదటి నుంచి చదివించాం. తడబడకుండా చదివింది ఏడుగురే. మేడమ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రోజూ చెబుతూనే ఉన్నాను కదండీ" అన్నారు. చెబుతున్నారు, నాకూ తెలుసు. నాలుగేళ్లుగా అదే స్కూల్లో ఉండి ఒక్కసారి కూడా ఇలా కూర్చోకపోవడం నా తప్పే.

ఆ వరసలో ఒక పిల్లవాడు ఆ వారమే చేరినవాడు. మిరప కోతలకి ఆదోని వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఏటా ఈ కాలంలో అటు నుంచి చాలామంది వస్తారు, పొలాల దగ్గరే గుడారాలు వేసుకుంటారు, కోతలు అయిపోగానే వెళ్లిపోతారు. వాడు కాగితం మీద "మిరప" అని ఉన్న ప్రతిచోటా చదివాడు. "మిర్చి" దగ్గర ఆగిపోయాడు. "మిరచి" అన్నాడు. కాదని వాడికే తెలిసిపోయింది, తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టాడు. టైమర్ మోగేసరికి తొమ్మిది పదాలయ్యాయి. నేను వాడి పేరు పక్కన 9 అని రాసి ఊరుకున్నాను. మేడమ్ మాత్రం కాగితం దగ్గరకి లాక్కుని చూశారు. ఆ తొమ్మిదింటిలో ఒక్కదానికీ ఒత్తు లేదు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తు కనిపిస్తే చాలు ఆగిపోతున్నాడు.

ఆ సాయంత్రం మేడమ్ రాసిన లక్ష్యం ఇది: "ఫిబ్రవరి నెలాఖరుకి, ముందెప్పుడూ చూడని, ద్విత్వాక్షరాలున్న ఐదు వాక్యాలు ఒక నిమిషంలో చదివి, అందులో ఒక ప్రశ్నకి సొంత మాటల్లో జవాబు చెబుతాడు." నేనొక్క ముక్క కూడా చెప్పలేదు. ముందు అమ్మ, అక్క, అత్త, పచ్చడి లాంటి ద్విత్వాలు (అక్షరానికి అదే ఒత్తు), ఆ తర్వాత మిర్చి, రాత్రి, పుస్తకం లాంటి సంయుక్తాలు (అక్షరానికి వేరే ఒత్తు) అనే వరస ప్రతి తెలుగు టీచరుకీ తెలుసు. ఏ పిల్లవాడు ఆ వరసలో ఎక్కడున్నాడన్నదే తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు పక్కాగా రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో, మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని ఉంది. ఆశయం మంచిదే. కానీ "వెళ్లలేకపోయాడు" మనకి ఒక పదం. ఇంగ్లీషులో అదే మాటకి "హి కుడ్ నాట్ గో" అని నాలుగు పదాలు. మన పిల్ల ఏడక్షరాలు కూడబలుక్కుంటే లెక్కలో ఒకటే పడుతుంది. అందుకే మేం అక్షరాలు కూడా లెక్కపెడతాం. తెలుగుకి ఇదే సరైన కొలత అని నా గట్టి నమ్మకం.

ట్రైనింగుల్లో చెప్పే స్మార్ట్ లక్ష్యాల సంగతీ అంతే. అది 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన కంపెనీ మేనేజర్ల కోసం రాసిన పద్ధతి. గడువు ఉండాలి, కొలత ఉండాలి అంటుంది. పిల్లవాడు ఎక్కడి నుంచి బయలుదేరాడో మాత్రం అడగదు. విజయవాడ వెళ్లినప్పుడల్లా ర్యాంకుల హోర్డింగులు చూసి నాకు ఇదే బాధ. చేరిన చోటు అంత పెద్ద అక్షరాల్లో వేస్తారు, మొదలైన చోటు ఎక్కడా ఉండదు. తొమ్మిది నుంచి 26కి వచ్చిన పిల్లవాడూ, 26 దగ్గరే ఉండిపోయిన పిల్లవాడూ మన గ్రేడుల్లో ఒకే గడిలో పడతారు. ఇది అన్యాయం.

మీరు అడిగిన సాయం విషయానికొస్తే, టీచరుకి కావాల్సింది సమయం. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అరగంట ఆ క్లాసు నేను తీసుకునేదాన్ని. మేడమ్ వరండాలో వెనకబడిన 16 మందినీ ఒక్కొక్కరిగా చదివించేవారు. లాంగ్‌బుక్కులో తేదీ, సంఖ్య, ఆగిపోయిన అక్షరం, అంతే. ఆ సంఖ్య పిల్లల చేతే రాయించేవారు. ఫొటోలు, యాప్‌లు లేవు. వాటికే రోజూ ఎంత టైమ్ పోతోందో మీకు నేను చెప్పాలా?

"మిర్చి" దగ్గర ఆగిపోయిన ఆ పిల్లవాడి లెక్క 9, 11, మళ్లీ 11. రెండు వారాలు కదలకపోయేసరికి మేడమ్ పద్ధతి మార్చారు. వరండా గచ్చు మీద సుద్దముక్కతో ఒత్తులు పెద్దగా రాయించి, వాటి మీద గెంతుతూ చదివించారు. తర్వాత ఒక శుక్రవారం రాలేదు, గుడారంలో చెల్లెల్ని చూసుకుంటున్నాడు. ఆ తర్వాత 17. ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం 22. ఐదు వాక్యాలూ పూర్తి కాలేదు, నాలుగయ్యాయి. మార్చిలో 26.

ఉగాదికి ముందు వాళ్లమ్మ వచ్చి, "ఊరికి పోతున్నాం మేడమ్" అంది. మేడమ్ ఒక కాగితం మీద, అక్కడ వాడికి చదువు చెప్పబోయే టీచరుకి రాశారు: "నిమిషానికి 26 పదాలు. ద్విత్వాలు చదువుతాడు. సంయుక్తాలు మొదలుపెట్టాలి." మడతపెట్టబోతుంటే వాడు చెయ్యి చాచి కాగితం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. "ద్వి" దగ్గర ఆగాడు. మేడమ్ వాడి పక్కన కూర్చుని, "ద"కి కింద ఉన్న "వ" ఒత్తు మీద వేలు పెట్టారు.