సబాటికల్‌కి వెళ్తున్న అమ్మాయికి ఒక ఉత్తరం

అమ్మాయ్,

నీ ఉత్తరం చేరింది. సబాటికల్, అదే పాఠాలు పక్కన పెట్టి చదువుకోవడానికిచ్చే ఏడాది సెలవు, మంజూరైనందుకు సంతోషం. నీటి వనరుల ఇంజనీరింగ్ పాఠాలు చెప్పుకునే నువ్వు ఏడాది పాటు చరిత్ర శాఖలో కూర్చుని పాత కరువుల మీద పని చేస్తానంటే మీ డిపార్ట్‌మెంట్‌లో కొందరు ముక్కున వేలేసుకున్నారని రాశావు. వేసుకోనీ. నేను స్టాటిస్టిక్స్ పక్కన పెట్టి భాషాశాస్త్రం వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడూ ఇదే తంతు. "ఏమిటండీ, ఈ వయసులో వ్యాకరణం నేర్చుకుంటారా?" అని ఒకాయన కారిడార్‌లో ఆపి మరీ అడిగాడు. నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానో, ఎక్కడ బోర్లాపడ్డానో చెబితే నీకు పనికొస్తుందనిపించింది.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. మూడు నెలలు చదువు, మూడు నెలలు డేటా, మిగతా ఆరు నెలల్లో మూడు పేపర్లు, ఒక పుస్తకం ప్రపోజల్. సెలవు మంజూరు చేసే కమిటీకి ఇలాగే రాయాలి, తప్పులేదు. దాన్ని నువ్వు కూడా నమ్మేస్తేనే చిక్కు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, సబాటికల్ మొదటి వారంలో అందరమూ అంతే. సబాటికల్ అన్న మాట పుట్టిందే ఏడో ఏట పొలాన్ని బీడు వదిలే యూదుల పాత నియమం నుంచి. 1880లో హార్వర్డ్ వాళ్ళు ఏడో ఏట సగం జీతంతో సెలవు అని పెట్టారు. సంస్కృతం ప్రొఫెసర్ చార్లెస్ లాన్మన్‌ను తమ దగ్గరికి రప్పించుకునే బేరంలో అదొక భాగమట. బీడు పెట్టిన ఏడాది పొలంలో మూడు పంటలు తీస్తానని ఏ రైతూ అనడు. నీ ప్లాన్‌లో రెండు పేపర్లు కొట్టేయి.

భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ పేరు నీకు తెలిసిందే. ఆయన 1959-60 ప్రాంతంలో సబాటికల్ తీసుకుని ఊరు మారలేదు, సబ్జెక్ట్ మార్చాడు. తను పాఠాలు చెప్పే కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలోనే జీవశాస్త్రం ల్యాబ్‌లో గ్రాడ్యుయేట్ విద్యార్థిలా చేరి, బ్యాక్టీరియాను తినే వైరస్‌ల మీద ప్రయోగాలు చేశాడు. అప్పటికే ఆయన భౌతికశాస్త్రంలో మహానుభావుడు. అయినా పరీక్షనాళికలు పట్టుకోవడం మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. కణాల్లో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ల మీద తను తలపెట్టిన పెద్ద ప్రయోగం కాస్తా, శాంపిల్ కలుషితం కావడంతో పాడైపోయింది. ఆ తప్పు తనదేనని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. చివరికి మిగిలిందేమిటంటే 1962లో 'జెనెటిక్స్' పత్రికలో వచ్చిన పేపర్‌లో ఐదుగురు రచయితల మధ్య ఒక పేరు. అంతటివాడికి అంత దక్కింది. నీకూ నాకూ ఏడాదిలో మూడు పేపర్లా?

ఇక నా కథ. భాషాశాస్త్రం వాళ్ళు నాకు నలభై మంది గొంతుల రికార్డింగులు ఇచ్చారు. కంప్యూటర్ తెర మీద స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే పటం, చూస్తూ, ప్రతి మాటలో అచ్చు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీతలు పెట్టాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే 'ఆ'ని ముప్పైసార్లు వింటే అది మనిషి గొంతో, తలుపు కిర్రుమన్న చప్పుడో తెలియకుండా పోతుంది. రెండు నెలలు అదే పని. తర్వాత ఆ 'ఆ'ల ఫార్మెంట్లు కొలిచాను. ఫార్మెంట్లంటే గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న గొట్టంలో ఏ పౌనఃపున్యాల దగ్గర శబ్దం గట్టిగా మోగుతుందో చెప్పే అంకెలు. మొదటి రెండిటితో ఒక గ్రాఫ్ వేశాను. చుక్కలు చక్కగా రెండు గుంపులుగా విడిపోయాయి, మధ్యలో ఖాళీ. అందరూ ఒకే యాస మాట్లాడతారనుకుంటున్న చోట రెండు యాసలున్నాయని తేల్చేశానన్నమాట! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేపర్‌కి పేరు కూడా పెట్టేశాను.

మర్నాడు గ్రాఫ్ తెర మీద పెట్టి అందరినీ పిలిచాను. అక్కడ పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్న అమ్మాయి ఒక్క నిమిషం చూసి, చాలా మర్యాదగా అడిగింది: "సార్, ఈ గుంపు ఆడవాళ్ళు, ఆ గుంపు మగవాళ్ళు కాదు కదా?"

అంతే. ఆడవాళ్ళకు ఆ గొట్టం సగటున పొట్టిగా ఉంటుంది, అందుకని ఫార్మెంట్లు పైకి జరుగుతాయి. పీటర్సన్, బార్నీ అనే ఇద్దరు 1952లోనే మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కలిపి 76 మందిని కొలిచి చూపించిన సంగతి అది. ఆ శాస్త్రంలో ఓనమాలు. మాట్లాడినవాళ్ళ వివరాల కాగితం నా బల్ల సొరుగులోనే ఉంది, తెరిచి చూడలేదు. అక్కడ ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

ఎందుకిలా అయిందంటే, నేను వెళ్తూనే ఆ ఏడాది వచ్చిన తాజా పేపర్లు చదవడం మొదలుపెట్టాను. ప్రొఫెసర్ని కదా, పాఠ్యపుస్తకం చదవడమేమిటనుకున్నాను. తాజా పేపర్లలో అందరికీ తెలిసిన సంగతి ఎవరూ రాయరు. మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. ఆ తర్వాత డిగ్రీ పిల్లల క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఒక సెమిస్టర్ విన్నాను. హోమ్‌వర్క్ కూడా చేశాను. నా సబాటికల్ నిజానికి అక్కడ మొదలైంది. నువ్వు నాలాగా నాలుగు నెలలు వృథా చేసుకోకు, మొదటి వారంలోనే క్లాసులో చేరు.

నీ విషయంలో గొట్టం పొడవు లాంటిది ఏదో ముందే ఊహించగలను. పాత రికార్డుల్లో 'ఈ ఏడు పంట పూర్తిగా ఎండిపోయింది' అని కనిపించగానే నువ్వు దాన్ని వర్షపాతం కిందకి మార్చేసి టేబుల్‌లో వేసుకుంటావు. ఆ వాక్యం ఎవరు రాశారు? పన్ను తగ్గించమని రైతులు పెట్టుకున్న అర్జీ అయితే గోరంత కొండంత కావచ్చు. వసూలు తగ్గితే మాట పడే అధికారి రాసిందైతే కొండ గోరంత కావచ్చు. ఆ కాగితం ఎవరి కోసం, ఏం ఆశించి రాశారో తేల్చుకోనిదే చరిత్రకారులు అందులో అంకెను ముట్టుకోరు. వాళ్ళది చాదస్తం అనిపిస్తుంది నీకు, మొదటి నెలలో.

ఇంకొకటి, కరువు అన్న మాటే చూడు. మీ లెక్కలో వాన తగ్గితే ఒక రకం కరువు, నేలలో తేమ తగ్గితే ఇంకొకటి, నదుల్లో జలాశయాల్లో నీరు తగ్గితే మరొకటి. చరిత్ర వాళ్ళకు కరువంటే ధాన్యం ధర, వలస, చావులు. అనావృష్టి వేరు, క్షామం వేరు. మనం రోజూ మాట్లాడే తెలుగులో రెంటినీ కరువే అనేస్తాం. వాన కురిసిన ఏడు కూడా క్షామం రావచ్చు. 1943 బెంగాల్ క్షామంలో అసలు కారణం తిండిగింజలు లేకపోవడం కాదని, కొనుక్కునే శక్తి కొన్ని వర్గాల చేతుల్లోంచి జారిపోవడమేనని అమర్త్యసేన్ 1981లో వాదించాడు. రేపు నువ్వూ మీ చరిత్ర ప్రొఫెసరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని 'కరువు, కరువు' అంటూ రెండు వేరు వేరు విషయాలు గంటసేపు మాట్లాడుకోగలరు, అదీ ఒకరికొకరు తలూపుతూ. మాట కలవకపోతే పట్టుబడుతుంది. కలిసినట్టే ఉంటే మాత్రం ఆరు నెలలదాకా తెలియదు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎడమవైపు నీ అర్థం, కుడివైపు వాళ్ళ అర్థం రాసుకో. 'డేటా', 'మోడల్', 'ఆధారం', 'సిగ్నిఫికెంట్'. నా నోట్‌బుక్‌లో మొత్తం అరవై చిల్లర మాటలు చేరాయి. ఆ ఏడాది నేను రాసినవాటిలో ఇప్పటికీ తీసి చూసుకునేది అదొక్కటే.

తగువు కూడా పనికొస్తుందిలే. భౌతికశాస్త్రం చదివి సైన్స్ చరిత్రలోకి వచ్చిన థామస్ కూన్ 1958-59లో స్టాన్‌ఫోర్డ్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో ఏడాది గడిపాడు. చుట్టూ ఎక్కువమంది సామాజికశాస్త్రవేత్తలు. ఏది అసలు సమస్య, దాన్ని ఏ పద్ధతిలో తేల్చాలి అన్న దగ్గరే వాళ్ళు కొట్టుకోవడం చూసి ఆశ్చర్యపోయాడు. భౌతికశాస్త్రంలో ఈ గొడవ ఎందుకుండదు అని ఆలోచిస్తూ పోతే 'పారడైమ్' అన్న ఊహ తట్టింది, అంటే ఒక శాస్త్రంలో అందరూ ఒప్పుకుని పనిచేసే నమూనా. 1962 నాటి ఆయన పుస్తకానికి అదే ఆయువుపట్టు.

ఎవరి దగ్గర పని చేస్తావన్నది సంస్థ పేరు చూసి కాకుండా మనిషిని చూసి తేల్చుకో. నువ్వు రాసిన ఆ పెద్ద పేరున్నాయన మంచివారే, కానీ ఎప్పుడూ ప్రయాణాల్లో ఉంటారు. వారానికి ఒక గంట నీతో కూర్చుని 'ఇది తప్పు' అని మొహం మీద చెప్పే మనిషి కావాలి. అలాంటివాళ్ళు సాధారణంగా అసోసియేట్ ప్రొఫెసర్లలో దొరుకుతారు. ప్రతిగా వాళ్ళకు నువ్వేదైనా చేసిపెట్టు, ఊరికే తీసుకోకు. కానీ హద్దు ముందే గీసుకో. రెండో నెలకల్లా నా గది ముందు ఆరుగురు విద్యార్థులు తమ అంకెల పట్టికలు పట్టుకుని వరసకట్టారు. వాళ్ళ లెక్కల గుమాస్తాగా మారిపోయానని ఆలస్యంగా గ్రహించి, గురువారం మధ్యాహ్నం మాత్రమే చూస్తానని తలుపు మీద కాగితం అంటించాను.

పేపర్ మీద పేర్ల వరస గురించి మొదట్లోనే మాట్లాడుకోండి. మొహమాటపడకు. గణితంలో, ఎకనామిక్స్‌లో ఎక్కువగా అక్షరక్రమంలో వేసుకుంటారు, జీవశాస్త్రం ల్యాబుల్లో చివరి పేరు ల్యాబ్ పెద్దది. చరిత్రలో చాలామంది ఒంటరిగానే రాస్తారు, అక్కడ పుస్తకానికున్న విలువ పేపర్‌కి ఉండదు. నీ ప్రమోషన్ కమిటీకి చరిత్ర పత్రిక పేరు చెబితే 'ఇదేమిటి' అంటారు. ఉంచిన ఆ ఒక్క పేపర్‌నీ మీవాళ్ళ పత్రికకే రాయి. చరిత్ర వాళ్ళకు రాయాల్సింది తర్వాత, వాళ్ళ మనిషితో కలిసి.

జీతం, తిరిగొచ్చాక చేయాల్సిన సర్వీసు బాండు, మనుషుల వివరాలున్న రికార్డులైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆర్కైవ్స్ పాసు, ఇవన్నీ ఇప్పుడే మొదలుపెట్టు. నెలలు పడతాయి. ఆర్డర్ కాపీ చేతికి రాకుండా నోటిమాట మీద కదలకు.

ఉన్న ఊళ్ళోనే ఉంటానన్నావు కాబట్టి చెబుతున్నాను, మీ డిపార్ట్‌మెంట్ నిన్ను వదలదు. "మేడమ్, ఒక్క సంతకం", "ఒక్క వైవా" అంటూ ఫోన్లు వస్తాయి. పీహెచ్‌డీ పిల్లలకు పదిహేను రోజులకొక పూట కేటాయించు, వాళ్ళని గాలికొదలకూడదు. మిగతా కమిటీలన్నిటికీ నువ్వు ఊళ్ళో లేనట్టే.

అయిదో నెలలో టెన్షన్ మొదలవుతుంది. కొత్తది రాలేదు, పాతది చెయ్యిజారుతోంది, రెంటికీ చెడ్డ రేవడినయ్యానేమో అనిపిస్తుంది. నాకు ఆ రోజుల్లో అర్ధరాత్రి లేచి పాత స్టాటిస్టిక్స్ సమస్య ఒకటి తీసి చేసుకోవడం అలవాటైంది. అది ఇంకా వచ్చని నాకు నేనే రుజువు చూపించుకోవడానికి. నీకూ అలా అనిపిస్తే ఫోన్ చెయ్యి, ఏ టైమైనా ఫర్వాలేదు. సంవత్సరం చివర రాసే రిపోర్టులో ఫలించని పనుల గురించి కూడా ఒక పేరా రాయి. నేను రాయలేదు. ఆ రెండు గుంపుల సంగతి ఇన్నేళ్ళకు నీకు రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు నాకొకటి పంపు. నువ్వు తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న, ఒక్క పేజీలో, ఒక ప్రాంతం, ఒక పాతికేళ్ళ కాలం దాటకుండా. మీ చరిత్ర ప్రొఫెసర్ చదివినా, నేను చదివినా ఒకేలా అర్థం కావాలి. అందులో రెండు శాస్త్రాల్ని కలిపేశామని చెప్పుకునే ఇంటర్‌డిసిప్లినరీ అన్న మాట కనిపిస్తే చదవకుండానే తిప్పి పంపేస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు