క్రైస్తవ లైఫ్ కోచ్ దగ్గరికి వెళ్లాలా అని అడిగిన మా అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ప్రభువు కృప వలన ఇక్కడ అందరం క్షేమం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఒక చిన్న బడి పెట్టాలన్న ఆలోచన ఏడాదిగా నిన్ను నిలవనీయడం లేదనీ, ఎటూ తేల్చుకోలేక ఒక క్రైస్తవ లైఫ్ కోచ్ దగ్గర మూడు నెలల ప్యాకేజీకి డబ్బు కట్టాలా వద్దా అని సతమతమవుతున్నాననీ రాశావు. సంఘంలో స్త్రీల సమాజం పనిలోనూ, ఆ తర్వాత మిషన్ ఆసుపత్రిలో రోగులను ఆదరించే పరిచర్యలోనూ ఉన్నన్నాళ్లూ సలహా కోసం వచ్చేవారినీ, సలహా చెప్పేవారినీ చాలా దగ్గరగా చూశాను కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందుగా లైఫ్ కోచింగ్ అనే ఈ పని స్వభావం ఏమిటో స్పష్టంగా తెలుసుకో. ఇది అమెరికాలో రూపుదిద్దుకున్న వృత్తి. అక్కడ థామస్ లెనార్డ్ 1995లో స్థాపించిన సంస్థే నేడు ఐసీఎఫ్ అని అందరూ పిలుస్తున్న అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య. ఆ సమాఖ్య పద్ధతిలో శిక్షణ పొందిన కోచ్ నువ్వేం చేయాలో చెప్పడు; తగిన ప్రశ్నలు అడిగి, నీ మనసులో ఉన్నదాన్ని నీ నోటితోనే పైకి రప్పించి, నువ్వు తీసుకున్న నిర్ణయం మీద నువ్వు నిలబడేలా తోడుంటాడు. మనిషి హృదయంలోని ఆలోచన లోతు నీళ్ల వంటిదనీ, వివేకం గలవాడు దాన్ని పైకి చేదుకుంటాడనీ సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో చదువుకున్నాం కదా, మంచి కోచ్ చేసే పని దాదాపు అదే. ఆరోగ్యంగా ఉండి, దారులు కనిపిస్తూ, వాటిలో ఏది ఎంచుకోవాలో తేలని మనిషికి ఇది నిజంగా ఉపయోగపడుతుంది. నీ సంగతి చాలావరకు అలాంటిదే అనిపిస్తోంది కాబట్టి నేను నిన్ను వద్దని వారించడం లేదు.

అయితే నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదనీ, ఆదివారం ఆరాధనలో కూడా మనసు మొద్దుబారినట్టు ఉంటోందనీ రాశావు. అది ఒకటి రెండు రోజుల సంగతైతే పరవాలేదు. రెండు వారాలు దాటి సాగుతూ ఉంటే, ఏ కోచ్‌కైనా డబ్బు కట్టకముందే డాక్టర్‌కు చూపించుకో. మానసిక వైద్యులు వైద్య మండలిలోనూ, క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలోనూ నమోదై ఉంటారు. వారి అర్హతలు మనం సరిచూసుకోవచ్చు. లైఫ్ కోచ్‌కు మన దేశంలో అలాంటి చట్టబద్ధమైన లైసెన్సు ఏదీ లేదు, నిన్నటిదాకా ఇంకేదో పని చేసిన మనిషి ఈరోజు ఆ పేరు పెట్టుకున్నా అడిగేవారు ఉండరు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. మందు వాడితే విశ్వాసం తక్కువైనట్టు మాట్లాడేవారు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట నమ్మి మాత్రలు మానేసి, మరింత చితికిపోయి వార్డుకు తిరిగి వచ్చినవారి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసినదాన్ని కనుక గట్టిగా చెబుతున్నాను, మందులు మానమని చెప్పే కోచ్ ఎంత భక్తిపరుడైనా నీకు తగినవాడు కాడు.

ఇక క్రైస్తవ కోచ్ అన్నప్పుడు ఆ మొదటి మాటకు ఏం అర్థమో చూద్దాం. సెషన్ మొదట్లో ఒక ప్రార్థన, చివర్లో ఒక వాక్యం పెట్టినంతమాత్రాన ఎవరూ మంచి కోచ్ కారు. మన భాషలో, మన విశ్వాసంలో నుంచి మాట్లాడే మనిషి ఎదుట ఉంటే దైవచిత్తం, పిలుపు, కానుక వంటి మాటలను మొదటినుంచీ వివరించుకోవలసిన శ్రమ తప్పుతుంది. ఆ మేలు నిజమైనదే. అలాగని సలహా విశ్వాసి దగ్గరినుంచే రావాలని లేఖనం చెప్పదు. నిర్గమకాండము 18వ అధ్యాయం మరొకసారి చదువు. ఉదయం నుంచి సాయంత్రం దాకా మోషే ఒక్కడే కూర్చుని ప్రజలందరికీ తీర్పు తీర్చడం చూసిన యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలీయుడు కాడు. ఆయన ముందు ప్రశ్న అడిగాడు, ఎందుకు నువ్వొక్కడివే ఇలా కూర్చున్నావని. మోషే చెప్పిన జవాబు విన్నాడు. నువ్వు చేసే పని మంచిది కాదని దాపరికం లేకుండా చెప్పాడు, పని పంచుకునే పద్ధతి చూపించాడు, అది కూడా దేవుడు నీకు అలా సెలవిస్తేనే అన్నాడు. ఆ తర్వాత తన దేశానికి తాను వెళ్లిపోయాడు. మోషే స్థానంలో కూర్చోలేదు, మోషేను తన మీద ఆధారపడేలా చేసుకోలేదు. నువ్వు వెతకవలసింది అలాంటి మనిషిని.

దానికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషిని కూడా లేఖనమే చూపించింది. మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయంలో యూదా నుంచి బేతేలుకు వచ్చిన దైవజనుడికి, అక్కడ అన్నపానాలు ముట్టవద్దని దేవుడు సూటిగా ఆజ్ఞ ఇచ్చాడు. రాజు పిలిచినా వెళ్లని ఆ మనిషి, బేతేలులోని ముసలి ప్రవక్త 'దేవదూత నాతో మాట్లాడాడు' అని అబద్ధం చెప్పగానే వెనక్కి తిరిగి వెళ్లి భోజనం చేశాడు, ఆ దారిలోనే సింహం వాతబడ్డాడు. తనకు స్పష్టంగా తెలిసిన సంగతిని ఇంకొకరి దర్శనం కోసం వదులుకున్నాడు. నువ్వు మాట్లాడబోయే కోచ్ నీ ఉద్యోగం గురించో, మీ దంపతుల గురించో 'ప్రభువు నీ విషయం నాకు బయలుపరిచాడు' అని మొదలుపెడితే, నమస్కారం చెప్పి ఫోన్ పెట్టేసెయ్. దేవుడు మాట్లాడడని నేను అనడం లేదు, ఆయన మాట్లాడతాడనే నా జీవితమంతా నమ్మాను. కానీ రుసుము తీసుకుని మాట్లాడుతున్న మనిషి దేవుని పేరు అడ్డం పెట్టాక నువ్వు కాదనలేవు, ప్రశ్నించలేవు. ప్రశ్నకు చోటు లేని చోట కోచింగ్ అనేదే లేదు.

గోప్యత గురించి కాస్త ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే మన సంఘాల్లో ఎక్కువగా గాయాలు తగిలేది అక్కడే. ఒకావిడ తన భర్త తాగుడు సంగతి ఇద్దరు ముగ్గురు అక్కల దగ్గర చెప్పుకుంది. బుధవారం ఉపవాస ప్రార్థనలో అది పేరు లేని విన్నపంగా వచ్చింది, ఆదివారానికి అందరికీ ఆ పేరు తెలిసిపోయింది. చెప్పినవారెవరికీ చెడు ఉద్దేశం లేదు, ప్రార్థన కోసమే అన్నారు. ఆవిడ మాత్రం ఆరు నెలలు గుడి గడప తొక్కలేదు. అందువల్ల నువ్వు ఎంచుకునే కోచ్ మన సంఘానికి గాని, మీ ఆఫీసుకు గాని, మన చుట్టరికానికి గాని సంబంధం లేని మనిషైతే మేలు. నీ మాటలు ఎవరితో పంచుకుంటారు, జూమ్ సెషన్ రికార్డు చేస్తారా, చేస్తే ఎన్నాళ్లు ఉంచుతారు, ప్యాకేజీ ముగిశాక యూట్యూబ్‌లో సాక్ష్యం చెప్పమని అడుగుతారా, వీటన్నిటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకో. ప్రాణాపాయం ఉన్నప్పుడో, చట్టం కోరినప్పుడో తప్ప ఏ మాటా బయటికి పోదని ఒప్పందంలో ఉండాలి. కోచ్ మగవారైతే సెషన్ల సమయాలు అల్లుడుగారికి తెలిసి ఉండేలా చూసుకో.

అర్హతల విషయానికి వస్తే, ఐసీఎఫ్ మూడు స్థాయిల్లో గుర్తింపు ఇస్తుంది. మొదటిదైన ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం. పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీకి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం కావాలి. గుర్తింపు ఉందని చెప్పుకునేవారి పేరు సమాఖ్య వెబ్‌సైటులో వెతికి చూసుకోవచ్చు. ఇది లేనివారందరూ పనికిరానివారు కారు, ఉన్నంతమాత్రాన వారి విశ్వాసానికీ నడవడికీ అది పూచీ కాదు. అయినా 'నేను సర్టిఫైడ్' అన్నవారిని ఎవరి దగ్గర, ఎన్ని గంటలు అని అడగడానికి మొహమాటపడకు. నిజాయతీగల కోచ్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష మొదటి మాటామంతీ. చాలామంది కోచ్‌లు ఇరవై, ముప్పై నిమిషాలు ఉచితంగా మాట్లాడతారు. బడి సంగతి నువ్వు చెప్పడం మొదలుపెట్టగానే ఏం జరుగుతుందో గమనించు. మూడో నిమిషంలోనే 'అమ్మా, మీరు అద్భుతమైన నిర్ణయం తీసుకున్నారు, దేవుడు మీ ద్వారా గొప్ప కార్యం చేయబోతున్నాడు, ఈ నెలాఖరులోపు చేరితే ఫీజులో తగ్గింపు ఉంది' అంటే అక్కడితో ఆపెయ్. అలా కాకుండా, 'ఈ ఆలోచన మొదట ఎప్పుడు వచ్చింది? మీ వారు ఏమంటున్నారు? ఏడాది పాటు జీతం లేకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది? బడి పెట్టకపోతే మీకు ఏది మిగిలిపోయినట్టు అనిపిస్తుంది?' అని అడిగి, నువ్వు మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని నింపడానికి తొందరపడకుండా ఆగగలిగితే, ఆ మనిషికి పని తెలుసు. చివర్లో నువ్వు ఒక ప్రశ్న అడుగు: మీకు చేతకాని విషయం వస్తే నన్ను ఎవరి దగ్గరికి పంపుతారు? డాక్టర్, లాయర్, పాస్టరుగారు అని తడుముకోకుండా చెప్పినవారిని నమ్మవచ్చు. అన్నీ నేనే చూసుకుంటానన్నవారిని నమ్మవద్దు.

డబ్బు విషయంలో నాది ఒకటే మాట. ఆ మూడు నెలల ప్యాకేజీలోని 12 సెషన్లకు 48 వేల రూపాయలు ఒకేసారి కట్టవద్దు. మూడు సెషన్లకు మాత్రమే ఒప్పుకోమని అడుగు. ఇష్టం లేకపోతే మధ్యలో ఆపుకునే వీలూ, మిగిలిన సొమ్ము తిరిగి ఇచ్చే షరతూ కాగితం మీద ఉండాలి. ఫీజు కాక పరిచర్యకు కానుక అనో, ఇస్తే దేవుడు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాడంటూ విత్తనం అనో అడిగితే వెంటనే బయటికి వచ్చెయ్. దశమభాగం నువ్వు ఎక్కడ ఇస్తున్నావో అక్కడే ఇవ్వు, దాన్ని దీనికి మళ్లించకు.

ఇంకొక మాట కూడా విను. నీ చిక్కులో సగం కోచ్ తీర్చగలిగేది కాదు. ప్రత్యేక పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులకు పునరావాస మండలి గుర్తించిన డీఎడ్ లేదా బీఎడ్ ప్రత్యేక విద్య అర్హత కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. అద్దె, ఆయాల జీతాలు, పిల్లలను తీసుకొచ్చే బండి, ఇవన్నీ అలాంటి బడి నడుపుతున్నవారి దగ్గర కూర్చుని లెక్క వేసుకోవలసినవి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. నెల రోజుల పాటు ప్రతి శనివారం అలాంటి ఒక బడికి వెళ్లి, పిల్లలకు అన్నం తినిపించడంలోనూ, వారిని ఒకచోట కూర్చోబెట్టడంలోనూ సాయం చెయ్. వద్దనుకున్నా, కావాలనుకున్నా నీకు అక్కడ తెలిసినంత వేరే చోట తెలియదు. ఆ తర్వాత కూడా మనసు రెండుగానే ఉంటే, అప్పుడు కోచ్‌తో చేసే సంభాషణకు విలువ ఉంటుంది, ఎందుకంటే ఊహల గురించి కాకుండా చూసినదాని గురించి మాట్లాడతావు.

కాబట్టి ఈ వారంలో నిద్ర సంగతి డాక్టర్‌కు చూపించుకో, అల్లుడుగారికి ఆ ప్యాకేజీ గురించి చెప్పు, ఆయనకు తెలియకుండా మాత్రం డబ్బు కట్టవద్దు. ఉచితంగా మాట్లాడే ఆ అరగంట కోసం కోచ్‌ను అడిగి, అయ్యాక వారు అడిగిన ప్రశ్నలూ నువ్వు ఇచ్చిన జవాబులూ గుర్తున్నంతవరకు రాసి నాకు పంపు. ఒప్పందం కాగితం వస్తే సంతకం పెట్టకముందే అది కూడా పంపు, చదివి నాకు తోచింది చెబుతాను.

ప్రార్థనతో,
నీ పెద్దమ్మ