కంటైనర్‌లో రెండేళ్ళ ఎనిమిది నెలలు: చిన్న ఇల్లు, వ్యాన్ కాపురం మనకి పనికొస్తాయా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు మీరు, కావలి దగ్గర నాలుగు సెంట్ల స్థలం ఉంది, అప్పు చేసి ఇల్లు కట్టే బదులు ఒక కంటైనర్ ఇల్లు పెట్టుకోవడమో, వ్యాన్‌ని ఇల్లుగా మార్చుకుని తిరగడమో మేలా అని.

నేను ఇరవై అడుగుల కంటైనర్‌లో 2022 ఫిబ్రవరి నుంచి 2024 అక్టోబర్ దాకా కాపురం చేశాను. సరదాకి కాదు, రొయ్యల కోసం. మధ్యలో తొమ్మిది రోజులు మా తమ్ముడి వ్యాన్‌లో కూడా ఉన్నాను. ఆ తొమ్మిది రోజులు నాకు చాలు.

మా ఆయన నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రం వైపు నాలుగు రొయ్యల గుంటలు, అంటే చెరువులు, లీజుకి తీసుకుని వనామి రకం రొయ్య వేస్తాడు. రొయ్యల సంగతి తెలియని వాళ్ళకి ఒక్క మాట. గుంటలో నీళ్ళకి ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామున. ఆ టైములో కరెంటు పోయి, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వేసే మనిషి పక్కన లేకపోతే, మూడు నెలల కష్టం గంటల్లో పోతుంది. అందుకని ఆయన రాత్రిళ్ళు గుంట కట్ట మీద పాకలో, నేను రెండేళ్ళ పిల్లతో నెల్లూరులో ఏడువేల ఐదువందల అద్దె ఇంట్లో. ఏడాది అట్టా గడిచాక నేనే అన్నాను, ఎందుకీ రెండు పొయ్యిలు, అందరం అక్కడే ఉందామని.

చెన్నైలో పాత కంటైనర్ లక్షా అరవై వేలకి దొరికింది. ట్రైలర్ కిరాయి, క్రేన్ కలిపి ముప్ఫై ఎనిమిది వేలు. ట్రైలర్ కట్ట మీదికి రాలేక రోడ్డు మీదే ఆగిపోతే, క్రేనుతో ఎత్తించి ట్రాక్టర్ ట్రక్కు మీద పెట్టించి తెచ్చాం, ఊరంతా వచ్చి చూసింది. కిటికీలు కోయించడం, లోపల ప్లైవుడ్, వైరింగ్, వెనకాల బాత్రూం, సిమెంటు వరలతో సెప్టిక్ గుంట, ఇవన్నీ కలిపి లక్షా నలభై ఐదు వేలు. మొత్తం మూడు లక్షల నలభై మూడు వేలు. వీడియోల్లో కంటైనర్ ధర ఒక్కటే చెబుతారు, క్రేన్ సంగతి ఎవరూ ఎత్తరు.

బయటి కొలత ఇరవై అడుగులు, ఎనిమిది అడుగులు. నూట అరవై చదరపు అడుగులు. ప్లైవుడ్ కొట్టాక లోపలి వెడల్పు ఏడడుగులే మిగిలింది. అమెరికాలో 2018 నాటి ఇళ్ళ నిర్మాణ నియమావళి నాలుగు వందల చదరపు అడుగుల లోపు ఇంటిని టైనీ హౌస్ అంటుంది. మన రాష్ట్రంలో పేదలకి పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున స్థలాలిచ్చి కట్టించిన కాలనీ ఇల్లు మూడు వందల నలభై చదరపు అడుగులు. ఆ లెక్కన ఆ కాలనీల్లో ఉండేవాళ్ళంతా టైనీ హౌస్ వాళ్ళే, ఎవరూ వాళ్ళని ఇంటర్వ్యూ చేయలేదంతే. మాది అందులో సగం కూడా లేదు. మా అత్తగారు మొదటిసారి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇదేందమ్మాయ్, రైలు పెట్టె మాదిరి ఉండాదే. టికెట్ ఎవురిస్తారు?" అంది.

ఇక ఎండ. మార్చిలోనే అర్థమైంది నాకు, ఇనప పెట్టెలో ఉన్నామని. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండకి కంటైనర్ పైకప్పు మీద చెయ్యి పెడితే కాలిపోయేది. తలుపు, కిటికీలు తీసి ఉంచినా మధ్యాహ్నం రెండింటికి గోడకి తగిలించిన థర్మామీటర్ నలభై నాలుగు చూపించింది. లోపల థర్మోకోల్, దాని మీద ప్లైవుడ్ అన్నీ పెట్టించినా అంతే. చివరికి మమ్మల్ని కాపాడింది తాటాకు. మేత దించడానికి వచ్చే ఒక పెద్దాయన చెప్పాడు, కప్పుకి అడుగున్నర ఎత్తున పందిరి వేయండి, మధ్యలో గాలి ఆడాలి, ఆకు ఇనుముకి ఆనకూడదు అని. వెదురు బొంగులు కట్టి, తాటాకు కప్పి, ముందు వైపు పన్నెండు అడుగులు పొడిగించాం. తొమ్మిది వేలు అయింది. ఎండ అసలు ఇనుము మీద పడకపోతే లోపల వేడెక్కేది బాగా తగ్గుతుంది, పడ్డాక లోపల ఎన్ని అట్టలు అంటించినా లాభం తక్కువ. లోపలి పనికి పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చలికాలం ఇంకో వింత. డిసెంబర్ తెల్లవారుజామున లోపలి గోడలకి చెమట పట్టేది. ముగ్గురి ఊపిరి, వంట ఆవిరి చల్లని ఇనుముకి తగిలి నీళ్ళయ్యేవి. పరుపు వెనక బూజు. నా పట్టుచీరలు మొదటి ఏడాదే పుట్టింటికి పంపేశాను. సముద్రపు గాలికి బయట తుప్పు సరేసరి, ఏటా గీకి రెడ్ ఆక్సైడ్ పూయాల్సిందే.

ఒక వాన రోజు తడి కాలితో తలుపు గొళ్ళెం పట్టుకుంటే జిల్లుమంది. ఇల్లంతా ఇనుమే కదా, ఎక్కడో ఒక వైరు ఒరుసుకుపోతే గోడలన్నిటికీ కరెంటు వచ్చేస్తుంది. వైరింగ్ చేసిన మనిషి ఎర్తింగ్ పేరు చెప్పి డబ్బు తీసుకున్నాడు, వైరు మాత్రం భూమిలోకి దింపలేదు. మరుసటి రోజే వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ రాడ్ దింపించి, కరెంటు లీకైతే తనంతట తనే పడిపోయే ముప్ఫై మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ పెట్టించాం. కంటైనర్ పెట్టుకునే వాళ్ళు మిగతా ఏది మానేసినా ఇది మానకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో మరీనూ.

వంట సంగతి చెప్పకపోతే నెల్లూరు కోడలిని ఎట్టా అవుతాను? చేపల పులుసు మరుసటి రోజే రుచి. ఆ రుచి కోసం ముందు రోజు రాత్రి లోపల వండితే, వారం పాటు దిండ్లు కూడా పులుసు వాసనే. రెండో నెలలోనే పొయ్యి బయటికి వచ్చేసింది. దాని వెనకే ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. గిన్నెల స్టాండు, రోలు, మంచం, పిల్ల ఉయ్యాల. వేసవిలో పడక కూడా దోమతెర కట్టుకుని బయటే. లోపల మిగిలింది బీరువా, ఫ్రిజ్, బియ్యం డబ్బా.

అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్ళది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల ఊరు. ఆమె కాపురానికి వచ్చింది చుట్టింట్లోకి. గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు. గుండ్రంగా ఉంటే గాలివానకి పట్టుకోవడానికి మూల దొరకదు, అందుకే తీరం వెంబడి అట్టా కట్టుకునేవాళ్ళు. అందులో ఆరుగురు పిల్లల్ని పెంచింది. ఇరుగ్గా అనిపించలేదా అమ్మమ్మా అంటే ఆమెకి ప్రశ్నే అర్థం కాలేదు. వంట వాకిట్లో, స్నానం తడిక చాటున, పడక వేపచెట్టు కింద నులకమంచం మీద. లోపల ఉండేది ధాన్యం, ట్రంకు పెట్టె, వానొస్తే మనుషులు. నూట అరవై అడుగుల పెట్టెలో నాకు ఊపిరాడింది కూడా అందుకే, దాని ముందు కట్ట, పందిరి, గుంటల మీది గాలి ఉన్నాయి. ఇదే పెట్టెని నాలుగో అంతస్తులో పెట్టి తలుపేసుకోమంటే ఆర్నెల్లు కూడా ఉండేదాన్ని కాదు. కాబట్టి చిన్న ఇంటికి లోపల ఎంత చోటుందని కాదు, బయట మనదంటూ ఎంత ఉందో కొలుచుకోవాలి.

అందుకే వ్యాన్ నాకు రుచించలేదు. మా తమ్ముడు ఒంగోలులో ఉండి ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తాడు. పాత ట్రావెలర్ బండి కొని, సీట్లు తీయించి మంచం, చిన్న సింకు, పైన సోలార్ ప్యానెల్ పెట్టించాడు. బండి లోపల అంత మార్పు చేస్తే రవాణా శాఖ దగ్గర ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, లేకపోతే చట్టం ఒప్పదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా పేచీ వస్తుంది. వాడికి ఆ కాగితాలకే నాలుగు నెలలు పట్టింది.

2023 జనవరిలో, పంట పట్టుబడి అయ్యాక, వాడితో బయల్దేరాం. మా వైపు సముద్రం ఒడ్డున రామతీర్థం, మైపాడు, అక్కడినుంచి లోపలికి సోమశిల డ్యామ్, ఉదయగిరి కొండ కింద రెండు రోజులు. పొద్దున్నే తలుపు తీస్తే పెన్న నీళ్ళు కనిపించడం నిజంగా బాగుంది, అబద్ధం చెప్పను. కానీ ఎనభై లీటర్ల ట్యాంకు నలుగురికి ఒక్క రోజు. ఆ తర్వాత బంకులో బతిమాలి నీళ్ళు పట్టుకోవడం, అక్కడి టాయిలెట్లకే వెళ్ళడం. నెలసరి రోజుల్లో ఆ బాధ ఆడవాళ్ళకే తెలుస్తుంది. కరెంటు లెక్క కూడా చూసుకోండి. నూట యాభై ఆంపియర్ అవర్ల పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే పద్దెనిమిది వందల వాట్ అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీ పాడవకుండా ఉండాలంటే వాడుకోవాల్సింది అందులో సగం, తొమ్మిది వందలు. ముప్ఫై వాట్ల ఫ్యాను పది గంటలకి మూడు వందలు, తమ్ముడి ల్యాప్‌టాప్‌కి ఆరు గంటలకి ఇంకో మూడున్నర వందలు. టన్ను ఏసీ వేస్తే ఆ మొత్తం గంట కూడా రాదు. జనవరి కాబట్టి సరిపోయింది. మే నెలలో కిటికీలు తీస్తే దోమలు, మూస్తే ఉడుకు.

అన్నిటికన్నా, ఎక్కడ ఆగినా అది ఎవరిదో ఒకరి చోటు. ఒక బీచ్ దగ్గర రాత్రి పదకొండున్నరకి లేపి, మర్యాదగానే, ఇక్కడ ఉండకూడదని పంపేశారు. ఇంకో ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకెళ్ళే వాళ్ళనుకుని పది మంది చుట్టూ చేరారు. తమ్ముడి అరుపులకి కాదు, మా పిల్ల అమ్మా అని నన్ను పట్టుకుని ఏడిస్తే నమ్మారు.

కోతలయ్యాక మా వైపు మళ్ళల్లోకి బాతులు మేపేవాళ్ళు వస్తారు. గుడారం వేసుకుని, మేత అయిపోగానే వేరే ఊరు. ఒకామె మా పందిరి కింద మంచినీళ్ళు తాగుతూ మా తమ్ముడి బండి గురించి విని పగలబడి నవ్వింది. "ఇల్లు ఉండి తిరగతాడా? మేం ఇల్లు కోసరం తిరగతన్నాం" అంది. వాడికి చెబితే ముఖం మాడ్చుకున్నాడు. ఇప్పుడు ఆ బండి అమ్మకానికి ఉంది.

తుపాను సంగతి కూడా చెప్పాలి, మీది కూడా తీరమే కాబట్టి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు మాకు ఒకటే వాన. ఖాళీ కంటైనర్ రెండు టన్నుల పైనే ఉంటుంది, కదలదులే అనుకుంటాం. కానీ తలుపులు బిగించిన పెట్టె నీళ్ళొస్తే పడవ లెక్క తేలుతుంది. మేం నాలుగు మూలలా ఇనప తాళ్ళతో సిమెంటు దిమ్మెలకి కట్టేసి, ఊళ్ళో స్కూలుకి వెళ్ళిపోయాం. మూడో రోజు వచ్చి చూస్తే పందిరి లేదు. పెట్టె ఉంది గానీ ఒక మూల దిమ్మె కుంగి చట్రం మెలిపడి తలుపు రాలేదు. జాకీలు పెట్టి లేపి సమానం చేస్తేగానీ గొళ్ళెం పడలేదు.

మీరు లాభమా అన్నారు కదా. ముప్ఫై రెండు నెలల అద్దె మిగిలింది రెండు లక్షల నలభై వేలు, పెట్టింది పందిరి కాకుండా మూడు లక్షల నలభై మూడు. కాగితం మీద గిట్టలేదు. కానీ ఒక రాత్రి మూడింటికి ఏరియేటర్ల చప్పుడు ఆగిపోయి ఇద్దరం ఒకేసారి లేచాం. జనరేటర్ బ్యాటరీ డౌన్. మా ఆయన ట్రాక్టర్ బ్యాటరీ పీకి తగిలించి ఇరవై నిమిషాల్లో స్టార్ట్ చేశాడు. మనిషి లేని ఇంకొకళ్ళ గుంటలో తెల్లారేసరికి రొయ్యలు అంచుకి వచ్చి పడి ఉన్నాయి. అది ఏ పద్దులో రాయాలో నాకు తెలియదు. పిల్ల బడికి వెళ్ళే వయసు వచ్చాక నెల్లూరు వచ్చేశాం. కష్టమై కాదు, బడి బస్సు కట్ట మీదికి రాదు.

మీ నాలుగు సెంట్లంటే పదిహేడు వందల నలభై చదరపు అడుగులు. కంటైనర్ నూట అరవై తీసుకుంటుంది. మిగతా దాంట్లో ఏముంటుందో ముందు ఆలోచించండి. ముందు బోరు వేసి ఆ నీళ్ళు నాలుక మీద వేసుకుని చూడండి, మా వైపు నాలుగు చోట్ల వేస్తే మూడు చోట్ల ఉప్పే. పంచాయతీలో, కరెంటాఫీసులో మీటరుకి ఏం కావాలో కనుక్కోండి. రెండు వేప మొక్కలు ఇప్పుడే నాటండి, కొనేది ఎప్పుడైనా కొనొచ్చు. హైదరాబాద్ ఉద్యోగాలు మానకుండా సెలవులకి వచ్చి ఉండాలనుకుంటే కంటైనర్ బాగానే ఉంటుంది. రెండు వైపులా అమ్మానాన్నలు వచ్చి పోతుండే ఇల్లయితే మటుకు ఆ డబ్బుతో రెండు గదులూ ఒక పంచా మట్టి ఇటుకతోనైనా వేసుకోండి.

మా కంటైనర్ అక్కడే ఉంది, మేత బస్తాలు వేసుకుంటున్నాం. కొనే ముందు మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చి, రెండు బస్తాలు జరిపి, తలుపేసుకుని గంట సేపు కూర్చుని చూడండి. ఇప్పుడు దాని మీద పందిరి లేదు.