ఇంకో కోర్సు వద్దు, ఇంట్లో ల్యాప్‌టాప్ చాలు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు చేశాడు. మొన్న గచ్చిబౌలిలో ఇంటర్వ్యూకి వెళ్తే, ‘వీఎంవేర్‌లో నడిచే విండోస్ సర్వర్‌ని కేవీఎంకి మారిస్తే ఎందుకు బూట్ కాదు?’ అని అడిగారట. నోరు పెగల్లేదన్నాడు. ఇంకో కోర్సుకి 40 వేలు కట్టమంటున్నాడు. కట్టమంటారా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: కట్టకండమ్మా. టెన్షన్ కూడా పడకండి. వీఎంవేర్, కేవీఎం రెండూ ఒకే మెషీన్‌లో చాలా సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్లు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిస్తే సర్వర్ ఎందుకు స్టార్ట్ (బూట్) కాదన్నదే ఆ ప్రశ్న.

చాలా కోర్సుల్లో క్లౌడ్ కన్సోల్‌లో సర్వర్ లేపడం నేర్పుతారు. అక్కడి రెడీమేడ్ ఇమేజ్‌లలో (ముందే తయారుచేసిన సర్వర్ కాపీల్లో) కావాల్సిన డ్రైవర్లు, అంటే డిస్కు లాంటి పరికరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు, ముందే ఉంటాయి కాబట్టి అసలు చిక్కు పిల్లల కంట పడదు. కంపెనీలకు మాత్రం పాత సర్వర్లతోనే తలనొప్పి. 2023 నవంబరులో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ అనే కంపెనీ చేతికి వెళ్లాక, లైసెన్సు ఖర్చు పెరిగి చాలామంది వేరే ప్లాట్‌ఫామ్‌ల వైపు చూస్తున్నారు. ఆ ప్రశ్న అందుకే వచ్చింది.

బాబుని ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (ఒక రకం లినక్స్), కేవీఎం వేసుకోమనండి. విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ ఉచితం. డిస్కుని ‘వర్ట్‌ఐఓ’ (కేవీఎంలో వాడే వర్చువల్ పరికరాల పద్ధతి) రకంగా పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెడితే, డిస్కు ఎంచుకోమనే చోట లిస్టు ఖాళీగా వస్తుంది. డిస్కు ఉంది, విండోస్‌కి కనబడట్లేదంతే. ఆ డ్రైవర్ విండోస్‌తో రాదు. వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓ (సీడీ లాంటి ఫైల్) తగిలించి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి ‘వయోస్టోర్’ అనే డిస్కు డ్రైవర్ ఇవ్వగానే డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఇంటర్వ్యూలో అడిగింది సరిగ్గా ఇదే: డ్రైవర్ ముందే వేయకుండా సర్వర్‌ని తరలిస్తే, తన బూట్ డిస్కు తనకే దొరక్క బ్లూ స్క్రీన్ వస్తుంది. ఆ ఖాళీ లిస్టుని ఒక్కసారి కళ్లారా చూసినవాడు ఈ జవాబు మర్చిపోడు.

లినక్స్ కెర్నల్‌లో ఈ డ్రైవర్లు 2008 నుంచీ ఉన్నాయి. అయినా లినక్స్ సర్వర్‌ని తరలిస్తే నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయి ఐపీ అడ్రస్ పోవడం మామూలే. అదీ చేసి చూడమనండి.

ఇంకొకటి, నడవడం వేరు, సపోర్టు ఉండటం వేరు. సెంటోస్ 7 (పాత లినక్స్ వెర్షన్) ఇప్పటికీ బూట్ అవుతుంది, కానీ దాని సపోర్టు 2024 జూన్ 30తో ముగిసింది. ఈ తేడా చెప్పగలిగితే ఎదుటివాళ్లు శ్రద్ధగా వింటారు.

ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంటే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో 16కి పెంచించండి. డబ్బు పెట్టాల్సింది దానికే.