నాచంతా సముద్రపు గడ్డిగా పడుతోందా? ఇలా చేసి చూడు
తమ్ముడూ, తిరుపతిలో కూర్చుని సెంటినెల్-2 ఉపగ్రహం ఇమేజ్‌తో పులికాట్ సరస్సును మ్యాప్ చేస్తుంటే, తడ వైపు నాచు కూడా సముద్రపు గడ్డిగా పడుతోందన్నావు. తంటా అంతా ఎన్‌డీవీఐతోనే, అంటే ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతులను పోల్చి పచ్చదనాన్ని కొలిచే సూచికతోనే. నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నీళ్లు పైపైనే పీల్చేస్తాయి. అడుగున ఉన్న గడ్డి దానికి కనబడదు, పైన తేలే నాచే మెరుస్తుంది. అందుకని ఆ కాంతిని నమోదు చేసే 8వ బ్యాండ్‌ను నేలనూ, తేలే నాచునూ తీసేయడానికి, నీటి మీది ఎండ మెరుపు సరిచేయడానికి మాత్రమే వాడు. గడ్డిని గుర్తించడానికి నీలం, ఆకుపచ్చ, ఎరుపు కాంతుల 2, 3, 4 బ్యాండ్లు తీసుకో.

వానల నెలల ఇమేజ్‌లు వద్దు. కాళంగి నది తెచ్చే బురదకు అడుగే కనబడదు. నీళ్లు తేరుకున్నాక తీసినవి వెతుకు.

ఒకసారి పడవెక్కి జీపీఎస్ పాయింట్లు తెచ్చుకో. గడ్డి ఎక్కడుందో జాలరి అన్నలకు మనకంటే బాగా తెలుసు! పక్కపక్క పాయింట్లనే మోడల్ ట్రైనింగ్‌కూ టెస్టింగ్‌కూ వాడితే వచ్చే 95 శాతం కచ్చితత్వాన్ని నమ్మొద్దు. లోతు, ఉప్పదనం లేయర్లు ఆ తర్వాతే కలుపు.